క్యారియర్ లేని సైకిల్

నరసింగరావు వచ్చేసరికే శంకరరావు సైకిల్‌ని రెండు ముక్కలు చేసేశాడు.

అది 1983 జూలై, ఆదివారం ఉదయం. భిలాయి సెక్టార్ ఆరులో శంకరరావు క్వార్టర్ వెనక వరండా. గోనెపట్టా మీద ఫ్రేము ముక్కలు, గోడకి చక్రాలు. పక్కన ఒక ఇంగ్లీషు పత్రిక. ఇంజనీరు రాజగోపాల్ గారింట్లో పాత కాగితాల్లో దొరికింది. అందులో ఒక దొర సైకిల్ మీద కొండ దిగుతున్నాడు.

"నరికీసినావేటి?" అన్నాడు నరసింగరావు.

"నరక్కపోతే కొండెలా ఎక్కుద్ది బావా? ఫ్రేము కురచ చెయ్యాల. హథ్‌ఖోజ్‌లో వర్క్‌షాపోళ్లు అతికిస్తామన్నారు."

ఇద్దరిదీ విజయనగరం వైపు. ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టు. ఏడేళ్ల కిందట దుర్గ్‌లో ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకేలాంటి నల్ల సైకిళ్లు కొన్నారు.

నరసింగరావు సైకిల్ ఆ గురువారమే పోయింది. వానలో డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు దగ్గరి స్టాండులో లేదు. దొంగ కాళ్లు విరగ్గొడతానని మూడు రోజులుగా కనపడిన వాళ్లందరికీ చెబుతున్నాడు. ఆ దొంగ చేతులు పడిపోవాలని అతని భార్య సింహాచలమ్మ పైడితల్లికి మొక్కుకుంది. పక్కనే ఉన్న శంకరరావు కూడా "పడిపోవాల" అన్నాడు.

నరసింగరావు గోనె పక్కన కూర్చున్నాడు. ఫ్రేము ముక్క ఎత్తి చూశాడు. ఊడదీసిన సీటు తిప్పి చూశాడు. దాని కింది రేకుని బొటనవేలితో తుడిచాడు.

"ఈ పాత సీటు నాకిచ్చీ."

"సైకిల్ నేనోడివి, సీటేటి చేసుకుంటావు? నెత్తి మీద ఎట్టుకుంటావా?"

"పీట చేసుకుంటాను. ఆ ఆకురాయి ఇలగియ్యి."

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చాడు. తుప్పు గీకాడు. రంగు తనే వేశాడు. దొంగ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ముందు ఫోర్కు ఒక పాలవాడి సైకిల్‌ది. హ్యాండిల్‌కి తిన్నని పైపు. రాడ్ బ్రేకులు తీసి వైరు బ్రేకులు బిగించారు. ఎత్తు ఎక్కాలంటే వెనక ఫ్రీవీల్‌కి పళ్లు ఎక్కువ కావాలి. అలాంటిది బజారులో లేదు. హథ్‌ఖోజ్‌లో లేత్ మీద చేయించారు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్ తీసేశాడు శంకరరావు.

"క్యారియరన్నా ఉంచరా. నన్ను గేటు కాడ దింపుదువు."

"క్యారియరెడితే పాలసైకిలైపోద్ది బావా!"

నరసింగరావు నవ్వాడు. గేటు అయిదు కిలోమీటర్లు. అతను నడిచే వెళ్లేవాడు. శంకరరావు కొండ సైకిల్ మీద అతన్ని దాటిపోతూ చెయ్యి ఊపేవాడు.

ఆగస్టు ఆఖరున ఊరి బయటి మురుం దిబ్బ మీదికి తీసుకెళ్లారు. ఎర్రమట్టి, గులకరాళ్లు. శంకరరావు మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి కాలు కింద పెట్టకుండా పైకెక్కాడు. కింద నరసింగరావు ఈల వేశాడు.

"మన సైకిలు కొండెక్కినాదిరోయ్!"

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. దానికి వారం ముందు గేటు దగ్గరి స్టాండు శుభ్రం చేస్తారు. కాపలా ఉండే బిసాహు వెనక మూల నుంచి ఒక నల్ల సైకిల్ లాగాడు.

"రెండు నెలలుగా ఇక్కడే పడుంది భయ్యా. ఎవరిదో" అన్నాడు హిందీలో.

సీటు మీద దుమ్ము అట్టకట్టింది. టైర్లు గట్టిగానే ఉన్నాయి. శంకరరావు వంగి సీటు కింద చూశాడు. సీటు కింది రేకు మీద తమ హాజరు టోకెన్ నంబరు కొట్టుకోవడం ప్లాంటు వాళ్ల అలవాటు.

అక్కడున్నది తన నంబరు.

గుత్తిలో పాత తాళంచెవి ఇంకా ఉంది. పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. ఆ చవక తాళాలు ఒకదాని చెవికి ఇంకొకటి తెరుచుకునేవి. ఆ గురువారం స్టాండు రేకులు కారుతుంటే బిసాహు సైకిళ్లను అటూ ఇటూ జరిపాడు. శంకరరావు సైకిల్ పెట్టిన చోట అలాంటిదే ఇంకొకటి ఉంది. తల మీద గోనె కప్పుకుని దాన్ని తీసుకుపోయాడు. ముక్కలు చేశాడు.

శంకరరావు మళ్లీ తాళం వేశాడు. తనది కాదని బిసాహుతో చెప్పాడు.

ఆ వారం కొండ సైకిల్ తియ్యలేదు. నరసింగరావు ఎదురుపడకుండా అరగంట ముందే బయలుదేరి నడిచాడు. మూడో రోజుకి పాదాలు బొబ్బలెక్కాయి. రెండు నెలల్లో నరసింగరావు ఎన్ని కిలోమీటర్లు నడిచాడో లెక్క వెయ్యబోయి మానేశాడు. ఆదివారం అతను వస్తే, ఇంట్లో లేనని భార్య తులసమ్మ చేత చెప్పించాడు. తను తలుపు వెనకే నిలబడ్డాడు.

పూజ రోజు స్టాండుకి వెళ్లాడు. "నాదే" అన్నాడు. బిసాహు అతని ముఖం చూసి పక్కకి జరిగి దారిచ్చాడు. శంకరరావు సైకిల్ ఎక్కలేదు. నరసింగరావు క్వార్టర్ దాకా నడిపించుకుంటూ వెళ్లాడు.

"రా అన్నయ్యా, వారం బట్టి కనపడనేదేటి?" అంది సింహాచలమ్మ.

శంకరరావు సైకిల్‌కి స్టాండు వేశాడు. తాళంచెవి అరుగు మీద పెట్టాడు.

"నీ సైకిలు దొంగ నానే బావా. వానలో నాదనుకొని నీది తీసుకుపోనాను. నరికీసినాను. ఇది నాది, నువ్వుంచుకో. కొడితే కొట్టు."

సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నరసింగరావు మెట్లు దిగాడు. శంకరరావు తల ఎత్తలేదు. నరసింగరావు సైకిల్ చుట్టూ తిరిగాడు. ముందు టైరు నొక్కాడు. వంగి వెనక టైరు నొక్కాడు.

"వెనకది దిగిపోనాదిరా, ఆదివారం నీ కోసం తిరగడంలో పడి ఈ వారం దీనికి గాలి కొట్టడం మర్చిపోనాను."