వారెంటు లేనిదే

రెండు రోజులుగా ఏసా పెటింగిల్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ లేదు. బయట మోకాలెత్తు మంచు.

రోడ్డు మీద నిలబడి ఊరంతా కేకలేశాం. ముసలాయన పలకలేదు. ఒక్కరూ కంచె దాటలేదు. మా న్యూహాంప్‌షైర్ కొండల్లో అంతే, ఇల్లు తగలబడుతున్నా ఇంటాయన్ని అడిగే బకెట్ ఎత్తుతాం.

పొద్దున్నే కానిస్టేబుల్ లైమన్ వచ్చాడు. ఏసాకి ఒక్కగానొక్క కొడుకు. గుమ్మం బయటే నిలబడి తలుపు తట్టాడు. "నాన్నా" అన్నాడు. మళ్లీ గేటు దగ్గరికి వచ్చేశాడు.

పక్కింటి డార్కస్ ముసలమ్మకి ఒళ్లు మండింది. "పగలగొట్టరా, ఇంకా చూస్తావేంటి?"

"వారెంటు లేదు పెద్దమ్మా."

"కన్నతండ్రి ఇంటికి వారెంటేంట్రా, నీ మొహం మండ."

"అడిగింది ఆయనే."

నిజమే. సర్కారు రోడ్లు వేయాలి, మంచు ఎత్తాలి, మనిషి గడప లోపల దానికేం పని అని ఊరి సభలో ఏటా లేచి అనేవాడు ఏసా. ఏళ్ల కిందట కొడుకు పోలీసు బిళ్ల పెట్టుకున్న రోజు వాకిట్లోనే తేల్చేశాడు. ఆ బిళ్లతో నా గడప తొక్కాలంటే జడ్జి సంతకం తెచ్చుకో అన్నాడు. లోపల ఇనప గడియ పడ్డ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

మళ్లీ లైమన్ లోపలికి పోలేదు. పండక్కి గుమ్మడికాయ కేకు గేటు స్తంభం మీద పెట్టి పోయేవాడు. మర్నాటికి కడిగిన పళ్లెం అక్కడే ఉండేది. తండ్రీ కొడుకూ ఇద్దరూ మాట మీద నిలబడ్డ మనుషులని మెచ్చుకునేవాళ్లం.

"బిళ్ల తీసి జేబులో వేసుకో. కొడుకులా వెళ్లు" అంది డార్కస్.

లైమన్ తలుపుకేసి చూశాడు.

"నేను తీసినా ఆయన గడియ తియ్యడు" అన్నాడు. జీపెక్కి జడ్జి దగ్గరికి పోయాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. మూసిన తలుపు ముందు నిలబడి, పద్ధతి ప్రకారం, వారెంటు మొత్తం చదివాడు. గునపం ఎత్తబోతూ, ఎందుకో, చేత్తో తలుపు నెట్టాడు. తెరుచుకుంది.

ఏసా గుమ్మానికి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. ప్రాణం లేదు. ఒళ్లింకా కొయ్యబారలేదని, పొద్దున ప్రాణంతోనే ఉండి ఉంటాడని డార్కస్ అంది.

లైమన్ ఏడవలేదు. గడియ కోసం తలుపు వెనక చూశాడు.

ఏసా దాన్ని ఎప్పుడో ఊడబీకేశాడు, ఆ మేకుల కంతల మీద పూసిన రంగు కూడా వెలిసిపోయింది.