ముర్రుపాలు

గేదె ఈనగానే చేయాల్సినవి: దూడ ముక్కులో, నోట్లో జిగురు తుడవాలి. బొడ్డుకు అయోడిన్ పూయాలి. గోనెపట్టా మీద వెచ్చగా పడుకోబెట్టాలి. గంటలోపు ముర్రుపాలు తాగించాలి.

మొదటి మూడూ దేవకుమారి వచ్చీరాగానే చేసేసింది. నాలుగోదానికి సుబ్బరావమ్మ అడ్డం పడింది. నులకమంచం లాక్కొచ్చి, గొడ్లచావిట్లో గేదెకూ దూడకూ మధ్యన వేయించుకుని కూర్చుంది. ఎనభై రెండేళ్ళ మనిషి.

"మాయ పడలేదమ్మాయ్. అది పడందే దూడని పొదుగు దగ్గరికి పోనిచ్చేది లేదు. పాలు తీస్తే మాయ లోపలికి ఎక్కిపోద్ది."

దేవకుమారి ఆ ఊరి రైతు సేవా కేంద్రంలో పశువుల సహాయకురాలు. గేదె పొద్దున ఆరింటికి ఈనింది. సుబ్బరావమ్మ కొడుకు చెంచురామయ్య ఫోన్ చేసేసరికి తొమ్మిదయింది. ఇప్పుడు పది దాటింది. అరవై ఏళ్ళ చెంచురామయ్య, తల్లికి ఎదురు చెప్పే అలవాటు లేక, తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ గుంజ పక్కన నిలబడ్డాడు.

దూడ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పెయ్యదూడ. దేవకుమారికి అది నీరసంలా కనిపించింది.

దూడ చీకితేనే మాయ తొందరగా పడుతుందని ఆమె చెప్పి చూసింది. సుబ్బరావమ్మ వినలేదు. ఈ చావిట్లో యాభై ఈతలు చూశానంది. గేదె మీ కాలేజీలో చదువుకోలేదు కదా అంది. అద్దంకి డాక్టరుగారికి కలిపి ఫోన్ చేతికిస్తే, ఆయనకి ఫోన్లో మాయ కనపడదులే అని తిరిగి ఇచ్చేసింది.

దేవకుమారి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"మామ్మగారూ, గేదె కడుపులో ఉన్నప్పుడు దూడకి రోగాల్ని ఆపే శక్తి రాదు. అదంతా ఈ పాలల్లోనే ఉంటుంది. ఇప్పుడు దాని పేగు పెద్ద కళ్ళ జల్లెడ లాంటిది. ఆ శక్తి అరిగిపోకుండా, ఉన్నది ఉన్నట్టు నెత్తుట్లోకి దిగుద్ది. గంట గంటకీ పేగు ముదురుతుంది. అరిగించడం నేర్చుకుంటుంది. జల్లెడ కళ్ళు పూడిపోతాయి. రేపు ఇవే పాలు బిందెడు పట్టినా ఆకలి తీరుద్ది, అంతే."

"పేగు ముదరడం మంచిదేగా."

"మంచిదే. ముదిరేలోపు తాగాలి."

ముసలామె మంచం మీద సర్దుకుని కూర్చుంది. చూపు గేదె వెనక్కి తిప్పుకుంది. మాయ ఇంకా వేలాడుతూనే ఉంది.

అప్పుడు చెంచురామయ్య నోరు తెరిచాడు. "అమ్మా, పోయిన రెండీతలూ దూడలు తెల్లగా పారుకుని, పది రోజులు తిరక్కుండా పోయినయ్యి. నువ్వు చెప్పినట్టే చేశాగా. దీన్ని కూడా పోగొట్టుకోమంటావా?"

ఆమె మాట్లాడేలోపే వంగి మంచం కోళ్ళు పట్టుకుని, తల్లితో సహా పక్కకి జరిపేశాడు.

"ఒరేయ్," అందామె. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

దేవకుమారి పొదుగు కడిగింది. దూడను లేపి నిలబెట్టి చన్ను నోటికి అందించింది. దూడ మూతి తిప్పుకుంది. మళ్ళీ అందించింది. మళ్ళీ తిప్పుకుంది. వేలికి పాలు రాసి నాకించబోతే నాలుక కదపలేదు. చీకే బలం కూడా పోయిందనుకుంది. నాలుగు గంటల ఆలస్యం. గొట్టం వేసి పాలు పట్టాలంటే డాక్టరుగారు అద్దంకి నుంచి రావాలి. ఆమె ఫోన్ తీసింది.

సుబ్బరావమ్మ కొడుకును వేణ్ణీళ్ళు కాచుకురమ్మంది. అతను ఇంట్లోకి వెళ్ళేదాకా చూసి గొంతు తగ్గించింది.

"దాన్ని ఇబ్బంది పెట్టమాకు అమ్మాయ్. అది తాగదు. కడుపు నిండా తాగి పడుకుంది."

"ఎప్పుడు?"

"లేచి నిలబడ్డ కాసేపటికే. వాడు మిరప కోతకి కూలీల్ని దించడానికి పోయాడు. నేనే పట్టుకుని తాగించా. పోయిన నెల ఆడోళ్ళని కూర్చోబెట్టి ఈ జల్లెడ సంగతి చెప్పావుగా. వెనకమాల నేనూ ఉన్నా."

దేవకుమారి దూడ డొక్క మీద చెయ్యి వేసింది. నిండుగా, బిగువుగా ఉంది. అప్పటిదాకా అక్కడ చెయ్యి వేసి చూడాలని ఆమెకు తోచనే లేదు.

"మరి ఇందాకటి నుంచి నాతో ఎందుకు పోట్లాడారు?"

"వాడి ముందర తప్పని ఒప్పుకోలేక." సుబ్బరావమ్మ చీర చెంగుతో మూతి తుడుచుకుంది. "ముందొకసారి ఇట్టాగే ఆపాం. మా అత్త మూడు రోజుల పాలు పిండి పారబోయమంది. నేనూ సరేనన్నా. ఎనిమిదో రోజుకి పోయింది."

"ఏ గేదెకి పుట్టింది మామ్మగారూ?"

"గేదెకి కాదు. నాకు."

దేవకుమారి దూడ డొక్క మీంచి చెయ్యి తీసింది. తర్వాత తాను చదువుకున్నది చెప్పింది. మనిషి బిడ్డకి కొంత రక్షణ తల్లి కడుపులోనే అందుతుందని, ఆ పాలు లేకే పోయిందని చెప్పడానికి లేదని అంది.

"అందువల్ల కాదని చెప్పగలవా?"

దేవకుమారి దూడ కింద గోనెపట్టా సర్దింది.

చెంచురామయ్య వేణ్ణీళ్ళు తెచ్చాడు. సుబ్బరావమ్మ గొంతు మళ్ళీ లేచింది. మాయ పడకుండానే దూడని వదిలారని, ఈ ఇంట్లో తన మాట చెల్లడం లేదని తిడుతూనే ఉంది. అతను తల వంచుకుని విన్నాడు. తనకంటే ముందు ఆ ఇంట్లో ఒక అక్క పుట్టిందని అతనికి ఎవరూ చెప్పలేదు. పేరు పెట్టకముందే వెళ్ళిపోయిన ఆ పిల్లను, ఈ కథ చదివిన మీరైనా గుర్తుపెట్టుకోండి.