తాబి పో

లిగాయా మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎలుకను చూసి జడిసే పిల్లిని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు కంప్యూటర్ షాపు తెమ్యోంగ్.

పొద్దున్నుంచి లుసేనా ఊరి బజారులో పాలచేపల పొట్టలు చీరి వచ్చిన చేతులు ఆవిడవి. ఇప్పుడు మౌస్ ముట్టడానికి జంకుతున్నాయి.

తమ్ముడు రోడెల్ పోయి మూడు నెలలు. ఆస్పత్రి మంచం మీద వాడు చివరగా చెప్పిందొకటే. కంప్యూటర్ ఆటలో, కొండ మీద, తనకో గుడిసె ఉందట. అందులో పెట్టెలో అక్క కోసం తన గొంతు దాచాడట. వచ్చి తీసుకోమన్నాడు.

'ఆటపాటలు చాలు, ఇక కూటిపాట్లు పడు' అని ఇరవై ఏళ్ళు సతాయించిన అక్కతో ఆట ఆడించాలని వాడి కొంటె కోరిక.

వాడి బొమ్మతోనే, వాడి పేరుతోనే ఆడాలి. ఆ బొమ్మకు ఒకటే ప్రాణం. అది పోతే గుడిసె, పెట్టె, గొంతు అన్నీ పోతాయి. తమ్ముణ్ణి రెండోసారి పాతిపెట్టుకోవడమే.

అందుకే ఆవిడకు ప్రతి కీలోనూ కీడే కనిపిస్తోంది.

తెమ్యోంగ్ పక్కన కూర్చుని ఏది నొక్కితే నడక, ఏది నొక్కితే తుపాకీ అన్నీ చెప్పాడు. అడవిలో అడుగుకో అడవిపంది ఉంటుందనీ చెప్పాడు.

సగం అడవి దాటినా ఒక్క పందీ రాలేదు.

రాకపోవడంతోనే ఆవిడకు గుబులు పెరిగింది. బొమ్మను ఆపి వెనక్కి తిప్పింది.

పది అడుగుల దూరంలో నల్లముసుగు మనిషి. ఎక్కడో కూర్చుని ఆడుతున్న ఇంకెవరిదో బొమ్మ. తల మీద పేరు 'అనినో'. అంటే నీడ.

ఈవిడ నడిస్తే నడుస్తున్నాడు. ఆగితే ఆగుతున్నాడు. పేరుకే నీడ గానీ, వాణ్ణి చూస్తే లిగాయాకు నడినెత్తిన ఎండ పడ్డట్టు చెమటలు పట్టాయి.

దోపిడీగాడే అయ్యుంటాడన్నాడు తెమ్యోంగ్. గుడిసె దాకా వెంటపడి, తలుపు తియ్యగానే కాల్చి, పెట్టె ఎత్తుకుపోతారట.

తెర అడుగున అక్షరాలు పడ్డాయి. తాబి పో.

"తప్పుకోండి అంటున్నాడు బాబాయ్," అంది లిగాయా.

"ఒట్టి 'తాబి' అనకుండా చివర మర్యాదకు 'పో' కూడా తగిలించాడు చూశావా. 'అండీ' అనే దొంగే దండిగా దోచేది."

ఆవిడ బొమ్మను పరుగెత్తించింది. నీడా పరుగెత్తింది. తాబి పో. మళ్ళీ, తాబి పో.

కొండ మీద గుడిసె కనిపించింది.

ముసుగువాడు పక్కనుంచి దూసుకెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, నడుము వంచాడు. తెర మీద మళ్ళీ ఏవో అక్షరాలు పడ్డాయి. చదివే ఓపిక ఎవరికుంది? తుపాకీ తియ్యడానికే వంగాడనుకుంది.

నొక్కేసింది.

వాడు తిరగబడలేదు. వంగినవాడు వంగినట్టే ఒరిగి, మాయమయ్యాడు. వాడికీ ఒకటే ప్రాణం.

లోపల పెట్టె ఉంది. తెరిచింది.

"వచ్చావా అక్కా? దారంతా నన్ను తిట్టుకుంటూ వచ్చావా?" అని రోడెల్ నవ్వాడు.

లిగాయా చేపల వాసన చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

తెమ్యోంగ్ మాత్రం గుడిసె గోడ మీది పలకను చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మాయ్, నీకు చెప్పలేక ఊరుకున్నా. వారంపాటు కప్పు నెయ్యకపోతే ఈ ఆటలో గుడిసె కూలిపోతుంది. ఇది ఎప్పుడో కూలిపోయి ఉంటుందనుకున్నా."

కప్పు నేసిన వాళ్ళ పేర్లు పలక మీద ఉన్నాయి. మూడు నెలలుగా, రోజుకొక వరుస. అన్ని వరుసల్లోనూ ఒకటే పేరు. చివరిది ఈ ఉదయానిది.

అనినో.

లిగాయా కళ్ళు తుడుచుకుని, తెర అడుగున మిగిలిపోయిన ఆఖరి అక్షరాలు చదివింది. తాబి తాబి పో, రోడెల్.

అడ్డు తప్పుకోమని మనుషులతో అనే మాట కాదది, కంటికి కనబడని వాళ్ళు తిరిగే చోట మన్నించమని వేడుకునే మాట.

చచ్చిపోయిన నేస్తం లేచి ఇంటికి నడుస్తున్నాడనుకుని, భయంతో వణుకుతూనే, పందులు దగ్గరికి రాకుండా కాచి, గుమ్మం దాకా సాగనంపి, వంగి దండం పెట్టినవాడు వాడు.