నలభై ఏడో పేజీ

"మూడోసారి కూడా అదే రాశారా?"

లెక్చరరు ఆన్సరు షీటుని స్టాఫ్‌రూము బల్ల మీద పడేశాడు. ఎదురుగా నిలబడ్డావిడకి నలభై అయిదేళ్లుంటాయి. బళ్లో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుతోంది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. ఇదొక్కటే మొండికేసింది. నిజానికి మొండికేసింది పేపరు కాదు.

ప్రశ్న ఏటా వచ్చేదే. పాత ఇంగ్లిషు రాజుల నాటకం. అల్లరిచిల్లరగా తిరిగిన యువరాజు, కిరీటం నెత్తికెక్కగానే, తనతో తిరిగిన ముసలి తాగుబోతు నేస్తాన్ని నలుగురిలో ఎరగనట్టు గెంటించేస్తాడు. చేసింది సబబేనా? ఇరవై మార్కులు.

"సబబే అని రాయాలి. బాధ్యత మీద పడ్డాక పాత స్నేహాలు వదిలించుకోవాలి. ఎదగడమంటే అదే. నా గైడులో అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాను కదమ్మా!"

గైడు తీసి చూపించాడు. అట్ట మీద ఆయన పేరు, పేరు ముందు డాక్టరు, కింద ఇరవయ్యో ముద్రణ.

"నలభై ఏడో పేజీ," అందావిడ అటు చూడకుండానే. "కిందినుంచి రెండో పేరా. అందులో ఒక లైను రెండుసార్లు పడింది. ఇన్ని ముద్రణల్లో ఎవరూ దిద్దలేదు."

ఆయన పేజీ తిప్పి చూశాడు. నిజమే. మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఇంత కంఠతా వచ్చాక రాయడానికేం రోగం?"

"అది తప్పు సార్. ఆ గైడు రాసిన మనిషికి అప్పటికింకా లోకం తెలీదు."

"అంటే నాకు లోకం తెలీదంటారా?"

"మిమ్మల్నేమీ అనలేదు సార్."

పక్క కుర్చీలో లెక్కల మేడమ్ నవ్వు కనిపించకుండా టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

లెక్చరరు గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు.

"చూడండమ్మా. ఈసారి తప్పితే మీ ఏడేళ్ల గడువు అయిపోతుంది. పాసైన పేపర్లు కూడా రద్దు. డిగ్రీ లేకపోతే ఆ బళ్లో మిమ్మల్ని ఉంచరు. ఈ చివరి పేరా కొట్టేసి గైడులోది రాసివ్వండి. ఇప్పుడే పాస్ చేస్తాను."

"రాయను."

"ఎందుకంత పంతం?"

"మా మేనమామ తాగేవాడు సార్. పనీపాటా లేదు. కానీ నన్ను పెంచిందీ, నవ్వడం నేర్పిందీ ఆయనే. ఇరవై మూడేళ్ల కిందట నాకు ప్రెస్సులో మొదటి ఉద్యోగం వచ్చింది. నన్ను చూసి పోదామని గుమ్మం దాకా వచ్చాడు. ఎవరని ఓనరు అడిగితే, తెలీదన్నాను. పైగా అదే ఎదగడం అనుకున్నాను. మళ్లీ రాలేదాయన."

ఆవిడలో ఆ సిగ్గు ఇన్నేళ్లయినా చావలేదు. కానీ తల మాత్రం దించలేదు.

"ఆ యువరాజు ఎదగలేదు సార్. ఎత్తు కుర్చీ ఎక్కాడంతే. ఉద్యోగం పోతే పోనీండి, నేనిదే రాస్తాను."

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. గైడుని బల్ల మీద టపటపా కొట్టాడు.

"అయితే ఒక పని చేద్దాం. ఈ గైడు రాసినవాళ్లొచ్చి ఇది తప్పని ఒప్పుకుంటే, మీకు ఇరవైకి ఇరవై వేస్తాను. సరేనా?"

"మాట తప్పరు కదా సార్?"

"నేనెందుకు తప్పుతాను? మేడమ్ సాక్షి!"

ఆవిడ చేతిసంచిలోంచి, దారంతో కట్టిన పాత కాగితాల కట్ట తీసింది. ముడి విప్పి ఆన్సరు షీటు పక్కనే పరిచింది. లెక్కల మేడమ్ గ్లాసు దించి వంగి చూసింది.

ఇరవై మూడేళ్ల కిందట ఆ ప్రెస్సులో అచ్చుకి వెళ్లిన ఈ గైడు రాతప్రతి అది; మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కొట్టివేతలతో, దిద్దుబాట్లతో ఉన్న చేతిరాత పక్కనున్న ఆన్సరు షీటులోదే.