తిమింగలం తోలుకు ధర

ఆ ఏడు మా గ్రీన్‌లాండ్ రేవుకు డెన్మార్క్ ఓడ రాలేదు. మంచు దాన్ని దారిలోనే ఆపేసింది. అయినా డెన్మార్క్ రాజుగారి కొట్టు మూతపడలేదు. అందులో అమ్మడానికేమీ లేకపోయినా, ఇంకెవరూ ఏమీ అమ్ముకోకుండా చూడాలి కదా!

కొట్టు అధికారి మథీసెన్ దొర మొదటిసారి మా గడప తొక్కాడు. మా అత్త ఇవాలు అప్పుడే తెచ్చిన తిమింగలం తోలును ముక్కలు కోస్తోంది.

"మా ఆవిడకు చిగుళ్ళ వెంట నెత్తురు కారుతోంది. పళ్ళన్నీ కదులుతున్నాయి. ఆ తోలు తింటే తగ్గుతుందటగా! కాస్త అమ్ము, ఇవాలమ్మా."

"అమ్మో, అమ్మడమే! కొట్టుకు తప్ప ఎవరికీ అమ్మకూడదని చర్చి ముందు చదివింది మీరే కదా దొరా? అదంతా మా మంచికేనట."

"కొట్టు పేరు మీదే కొంటాను."

"అయితే ధర చెప్పండి."

దొర నసిగాడు. "దీనికి ధర లేదు. రాజుగారు కొనేది సీలు జంతువుల నూనె, నక్క తోళ్ళే."

"పోనీ ఊరికే ఇద్దామా అంటే, వేట పదిమందికీ పంచడం సోమరుల అలవాటని మొన్ననే మందలించారు. దేవుడి దయవల్ల మాకు బుద్ధి చెప్పేవాళ్ళకు మాత్రం కొదవలేదు."

దొర తల వంచుకున్నాడు. "ఇలాగే ఉంటే చచ్చిపోతుంది, ఇవాలమ్మా."

అత్త కత్తి పక్కన పెట్టి, కాస్త జరిగి తన పక్కన చోటు చేసింది.

"దొరసానిగారు చలికాలం మొదలైనప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం మాతోనే తింటున్నారు. ఆవిడ పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. ఇలా వచ్చి కూర్చో నాయనా. నోరు తెరువు, చూస్తాను."