టర్కీ వేపుడు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఏటా థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, పక్కింటి పెద్దావిడ మార్తా తను వండగా మిగిలిన టర్కీ కోడి మాంసం తెచ్చిస్తుంది. ఏటా "చాలా బాగుంది" అంటుంది జయంతి. నిజానికి అది నోట్లో పీచులా తిరుగుతుంది.

ఈసారి దాన్ని చీల్చి, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, కరివేపాకు వేసి వేయిస్తుండగా, గ్రేవీ ఇవ్వడం మరిచానంటూ మార్తా నేరుగా వంటగదిలోకి వచ్చేసింది. మూకుడులోకి తొంగి చూసింది.

"అది నా టర్కీయేనా?"

"సారీ మార్తా, మాకు కాస్త కారం తగలాలి," అంది జయంతి, తలెత్తలేక.

మార్తా ఒక ముక్క నోట్లో వేసుకుంది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకోటి తీసుకుంది.

"మా పిల్లలు మొహమాటానికి తింటారు. నలభై ఏళ్లుగా వండుతున్నాను గానీ, నాకే సహించదు. వచ్చే ఏడాది పచ్చిదే తెచ్చిస్తాను. పండగ మీ ఇంట్లోనే!"