పొయ్యి ఎక్కని డ్రెస్సింగ్

ఇకపై ఈ ఇంట ఏ పదార్థమూ పొయ్యి ఎక్కరాదని, సలాడ్ మీద పోసే డ్రెస్సింగ్ సైతం పచ్చిదే కావాలని, ఆరోగ్య కారణాల రీత్యా గృహయజమాని ఆదేశించి ఉన్నారు. ఆ ఆదేశం ఈ ఉదయం తొలిసారి ధిక్కారానికి గురైంది.

నానబెట్టిన జీడిపప్పు, నిమ్మరసం, వెల్లుల్లి కలిసి భోజనాల బల్ల మీది మిక్సీలో మెత్తగా నలిగాయి. ఇల్లాలు వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"పచ్చి వెల్లుల్లికి నోరు మండిపోతోంది. కాసిని నువ్వులు వేయించి కలుపుతా."

"వేయిస్తే పోషకాలు పోతాయి."

"ఇన్నేళ్లూ నేను వేయించినవన్నీ లొట్టలేసుకుంటూ తిన్నారే, అప్పుడేమయ్యాయండీ ఆ పోషకాలు? మేకలా మేయాలనుంటే మీరు మేయండి. నన్నెందుకు దొడ్లో కట్టేస్తారు?"

గృహయజమాని వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆసీనులయ్యారు. ఆమె మూకుడు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"లేస్తారా, లేవరా?"

"లేవను."

ఆమె కుర్చీ వీపు పట్టుకుని బలంగా లాగింది. కుర్చీ కదిలింది. పొయ్యి కనబడింది. అంతలోనే ఆమె చెయ్యి ఆగిపోయింది, ముఖంలో కోపం పోయి బెదురు వచ్చింది.

"ఏవండీ... పాలు పెట్టి వచ్చాను కదూ? పొయ్యి కట్టేశానా?"

గృహయజమాని లేచి లోపలికి వెళ్లారు. ఆమె పొయ్యి కట్టడం మరిచి, వంటగది కర్టెన్‌కు నిప్పంటుకున్న రోజునే గ్యాస్ సిలిండర్ తీయించేశారు. ఆ మంట ఆమెకు జ్ఞాపకం లేదు. ఖాళీ పొయ్యిని సక్రమంగా తనిఖీ చేసి, ఆమెకు వినబడేలా మీట తిప్పి, తిరిగి వచ్చారు.

"కట్టేశావు. పాలు పొంగలేదులే."